పరాయి సముద్రంలో దిగే ముందు: విదేశాలకు డైవింగ్‌కు వెళ్లే హైదరాబాదు వాసులకు చట్టాల, ఆచారాల మార్గదర్శి

హైదరాబాదుకు సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. అందుకే ఇక్కడ స్కూబా నేర్చుకునేవారిలో చాలామంది మొదటి పాఠాలను ఏదో ఒక హోటల్ లేదా క్లబ్బు ఈతకొలనులో ముగించుకుని, మిగిలిన డైవ్‌లను అండమాన్‌లోనో పుదుచ్చేరిలోనో గోవాలోనో పూర్తి చేసి కార్డు అందుకుంటారు. ఆ తరువాతి ప్రయాణం సాధారణంగా మాల్దీవులకో థాయ్‌లాండ్‌కో ఈజిప్టుకో ఉంటుంది. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూసుకోవడం, దిగుతూ చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం నేర్పిన శిక్షకుడు, వెళ్లబోయే దేశంలో ఏది నేరమో ఏది అమర్యాదో చెప్పడు. అది అతని పని కూడా కాదు. ఆ పని మనమే చేసుకోవాలి, అది కూడా విమానం ఎక్కకముందే చేసుకోవాలి.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవడం అవసరం. డైవింగ్ కార్డు డ్రైవింగ్ లైసెన్సు లాంటిది కాదు. ప్యాడీ, ఎస్‌ఎస్‌ఐ వంటివి శిక్షణ సంస్థలే తప్ప ప్రభుత్వాలు కావు; ‘40 మీటర్ల లోతు వరకు’ అని అవి చెప్పేది మీకు ఇచ్చిన శిక్షణకు హద్దు మాత్రమే, ఏ దేశ జలాల్లోనూ అది హక్కు కాదు. పరాయి సముద్రంలో మీ మీద ఒకేసారి మూడు రకాల కట్టుబాట్లు పనిచేస్తాయి: ఆ దేశపు చట్టం, ఆ సముద్ర ఉద్యానవనం లేదా రక్షిత ప్రాంతపు నియమం, ఆ తీరంలో నివసించేవారి ఆచారం. వీటిలో ఏది కఠినంగా ఉంటే దానినే పాటించాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క నియమం మీదనే నడుస్తుంది.

మొదటి దశ: టికెట్టు కొనకముందే తేదీలు సరిచూసుకోవడం

మన ప్రయాణాలు పిల్లల సెలవులను బట్టి, ఆఫీసులో దొరికే సెలవులను బట్టి నిర్ణయమవుతాయి. సముద్రాలు వాటి లెక్కన తెరుచుకోవు. థాయ్‌లాండ్‌లోని సిమిలాన్ దీవుల ఉద్యానవనాన్ని ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసివేస్తారు, అంటే మన వేసవి సెలవుల్లో సగభాగం అక్కడ దిగే వీలే ఉండదు. ఫిలిప్పీన్స్‌లోని టుబ్బతాహా పగడపు దిబ్బలకు ఏడాదిలో మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకే, అదీ రాత్రిళ్లు పడవ మీదే బస చేస్తూ మాత్రమే వెళ్లగలం.

బాలి విషయం మన పంచాంగానికి దగ్గరగా ఉంటుంది. అక్కడి హిందువులు కూడా శక సంవత్సరాన్నే లెక్కిస్తారు. వారి సంవత్సరాది పేరు న్యేపి. 2023లో ఉగాది, న్యేపి రెండూ మార్చి 22నే వచ్చాయి, 2024లో మాత్రం అధికమాసాల తేడా వల్ల దాదాపు నెల ఎడం ఏర్పడింది. మనకు ఉగాది అంటే పచ్చడి, పంచాంగ శ్రవణం, బంధువుల రాక. వారికి అది సంపూర్ణ మౌనదినం. ఆ రోజు ఉదయం ఆరు గంటల నుంచి మరునాటి ఉదయం ఆరు గంటల వరకు విమానాశ్రయం మూసి ఉంటుంది, వీధిలోకి గాని సముద్రతీరానికి గాని ఎవరూ వెళ్లకూడదు, రాత్రి దీపాలు కూడా బయటకు కనిపించకూడదు. పర్యాటకులకు మినహాయింపు లేదు. హోటల్ ఆవరణ దాటి రాకుండా ఊరి కాపలాదారులు చూస్తుంటారు. ఉగాది సెలవు కలిసి వస్తుందని బాలికి టికెట్టు తీసుకునేవారు ఈ ఒక్క తేదీని తప్పక సరిచూసుకోవాలి.

రంజాన్ నెల గురించి హైదరాబాదు వారికి కొత్తగా చెప్పాల్సింది ఏముంటుందని మనం అనుకుంటాం. ఆ ధీమానే ఇబ్బంది పెడుతుంది. మన నగరంలో ఉపవాసం ఉండేవారు ఉంటారు, పక్క హోటల్లో మధ్యాహ్న భోజనమూ నడుస్తుంది. మాల్దీవుల్లో స్థానికులు నివసించే దీవుల్లో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం నిబంధనలకు విరుద్ధం. రిసార్టు దీవిలో ఈ తేడా కనిపించదు; తక్కువ ఖర్చులో గెస్ట్‌హౌస్‌లో దిగినవారికే ఇది వర్తిస్తుంది, మనలో ఎక్కువమంది దిగేది కూడా అక్కడే. పడవ సిబ్బంది ఉపవాసంలో ఉంటారు కాబట్టి, ఇఫ్తార్ వేళకు వారు ఒడ్డుకు చేరేలా సాయంత్రపు డైవ్ సమయాన్ని ముందుకు జరుపుకోమని మనమే అడగడం మంచిది.

రెండవ దశ: అనుమతి ఎవరికి, ఎంతమందికి

కొన్నిచోట్ల డబ్బు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నా దిగనివ్వరు. మలేసియాలోని సిపదాన్ దీవికి రోజుకు ఇంతమందికే అని పరిమితి ఉంది. అనుమతి పత్రం వ్యక్తి పేరు మీదే వస్తుంది, చివరి నిమిషంలో స్నేహితుడి పేరుకు మార్చుకోవడం కుదరదు. ఆ దీవి మీద ఉన్న రిసార్టులను 2004 చివరికల్లా ఖాళీ చేయించారు, రాత్రి బస లేదు. ఈజిప్టు ఎర్రసముద్రంలో తీరానికి దూరంగా ఉన్న బ్రదర్స్, డేడలస్ దిబ్బలకు వెళ్లాలంటే కనీసం 50 డైవ్‌ల అనుభవం చూపించాలి. చేసిన డైవ్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్కును ఇంట్లో మరచి, ఫోన్‌లోని ఫొటోలు చూపించి నమ్మించగలమని అనుకోవద్దు. మాల్దీవుల బా అటాల్ (ఉంగరంలాంటి దీవుల వరుస)లోని హనీఫారు ఉపసాగరంలో మంటా రేలు అనే పెద్ద చేపలు గుంపులుగా చేరతాయి. అక్కడ స్కూబా పూర్తిగా నిషిద్ధం, నీటి పైభాగాన గొట్టంతో ఊపిరి తీస్తూ ఈదే స్నార్కెలింగ్‌కు మాత్రమే అనుమతి ఉంది. ‘మంటా డైవ్’ అని వాట్సాప్‌లో వచ్చిన ప్యాకేజీ ఏ దిబ్బ గురించి చెబుతోందో ఒక్క ప్రశ్నతో తేల్చుకోవచ్చు.

ఆరోగ్య పత్రం గురించి కొంత వివరంగా చెప్పాలి. డైవ్ సెంటర్‌లో ఇచ్చే ప్రశ్నావళిలో ఉబ్బసం, రక్తపోటు, మధుమేహం, ఇటీవలి శస్త్రచికిత్స వంటివాటిలో దేనికైనా ‘అవును’ అని రాస్తే వైద్యుడి సంతకం కావాలి. దీవి మీద వైద్యుడు దొరకడు, దొరికినా ఆ రోజు డైవ్ పోతుంది. అందువల్ల మనవారిలో కొందరు అన్నిటికీ ‘కాదు’ అని టిక్కు పెట్టేస్తారు. అది అబద్ధపు వాంగ్మూలం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట తెరిచి చూసేది ఆ కాగితాన్నే. ఆ ప్రశ్నావళిని ముందే తెప్పించుకుని, హైదరాబాదులోనే మీ వైద్యుడికి చూపించి సంతకం చేయించుకుంటే సరిపోతుంది.

మూడవ దశ: సూట్‌కేసు

నా అనుభవంలో డైవర్లు నీటిలో కంటే విమానాశ్రయాల్లోనే ఎక్కువగా చట్టంతో తలపడతారు. ఒకసారి నేను యూఏఈలోని ఫుజైరాలో డైవింగ్‌కు బయలుదేరుతున్నప్పుడు, అక్కడ ఉంటున్న బంధువులకు ఇవ్వమని మా పిన్ని మూడు పొట్లాలు తెచ్చి ఇచ్చింది. కందిపొడి, నల్లకారం, మూడవదానిలో కూరల్లోకి వేసుకునే మసాలా పొడి. ‘ఇందులో ఏమేం వేశావు పిన్నీ?’ అని అడిగితే ధనియాలు, లవంగాలు, చెక్క, గసగసాలు అని వరుసగా చెప్పింది. గసగసాలు అనగానే ఆ పొట్లాన్ని తీసి పక్కన పెట్టాను. ‘గసగసాలకేమొచ్చిందిరా?’ అని ఆమె నొచ్చుకుంది. యూఏఈలో గసగసాలు నిషిద్ధ పదార్థం, సింగపూర్‌లోనూ అంతే. విడిగా ఉన్నా, పొడిలో కలిసి ఉన్నా అవి తీసుకుపోకూడదు. కేవలం విమానం మారడానికి దిగేవారు కూడా ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

మందుల విషయంలో ఇంతకంటే జాగ్రత్త అవసరం. జలుబు చేస్తే చెవులు సర్దుకోవని డైవర్లు ముక్కు దిబ్బడ మాత్రలు దగ్గర ఉంచుకుంటారు. వాటిలో సూడోఎఫిడ్రిన్ 10 శాతానికి మించి ఉంటే జపాన్‌లోకి తీసుకుపోరాదు. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు యూఏఈలో ముందస్తు అనుమతి లేకుండా ఉంచుకోరాదు. ఈజిప్టుకు 290 ట్రమడాల్ మాత్రలు తీసుకువెళ్లిన ఒక బ్రిటిష్ మహిళకు 2017లో అక్కడి న్యాయస్థానం మూడేళ్ల జైలుశిక్ష విధించింది. అందువల్ల ప్రతి మందునూ అసలు పెట్టెలోనే ఉంచి, దానిలోని రసాయనం పేరు చదివి, మందుల చీటీని వెంట పెట్టుకుని, వెళ్లే దేశపు నిషిద్ధ జాబితాతో సరిపోల్చుకోవాలి. దుకాణదారు కాగితపు కవరులో చుట్టి ఇచ్చిన విడి మాత్రలతో ప్రయాణం చేయవద్దు.

మాల్దీవులకు మద్యం, పంది మాంసం, చేపలను వేటాడే ఈటె తుపాకులు తీసుకుపోకూడదు. దారిలో డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాను కూడా అక్కడి కస్టమ్స్ అధికారులు తీసుకుంటారు. పూజ కోసం తీసుకుపోయే విగ్రహాలు కూడా ఆ దేశ నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. ప్రయాణమంటే సంచిలో చిన్న వెంకటేశ్వరస్వామి ప్రతిమను పెట్టుకునే అలవాటున్నవారు ఈ ఒక్క దేశానికి మాత్రం దానిని ఇంట్లోనే ఉంచి వెళ్లడం ఉత్తమం. ఈజిప్టులోకి అనుమతి లేని డ్రోన్ తీసుకుపోవద్దు. థాయ్‌లాండ్, సింగపూర్ రెండింటిలోనూ ఈ-సిగరెట్లు నిషిద్ధం. కొట్టుకుపోతే ఆచూకీ తెలపడానికి ఉపగ్రహ సంకేత పరికరం కొనాలనుకునేవారికి అడ్డంకి విదేశంలో కాదు, ఇక్కడే ఎదురవుతుంది: భారతదేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లను గాని ఉపగ్రహ సందేశ పరికరాలను గాని దగ్గర ఉంచుకోవడం నేరం.

టార్చిలకు, కెమెరాకు వాడే విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, కత్తి మాత్రం చెక్-ఇన్ సామానులో ఉండాలి. ఖరీదైన కెమెరా, దాని నీటి హౌసింగ్ తీసుకువెళ్లేవారు బయలుదేరేటప్పుడు శంషాబాదు కస్టమ్స్ కౌంటరులో సీరియల్ నంబర్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అది మన పాత వస్తువేనని రుజువు చేసుకోవలసిన భారం మన మీదే పడుతుంది.

నాలుగవ దశ: నీటి లోపలి చట్టం

మాల్దీవుల నిబంధనల ప్రకారం వినోద డైవింగ్‌కు హద్దు 30 మీటర్లు, పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగవలసి వచ్చే డికంప్రెషన్ డైవ్‌లు చేయకూడదు. ఇది నాకు చదివి తెలియలేదు, తప్పు చేసి తెలిసింది. వావు అటాల్‌లోని ఒక కాలువ ముఖద్వారంలో దిబ్బ అంచుకు కొక్కెం తగిలించుకుని, ప్రవాహానికి ఎదురుగా వేలాడుతూ సొరచేపలను చూస్తున్నాం. అవి నాకంటే కొంచెం కింద, నీలంలో అటూ ఇటూ తిరుగుతున్నాయి. నా కార్డు 40 మీటర్లకు కదా అన్న ధీమాతో కొక్కెం విప్పి కొంచెం కిందికి జారాను. వెనుక నుంచి ఎవరో నా కాలికున్న ఈత రెక్క (ఫిన్) పట్టుకుని లాగారు. గైడు. అతడు తన మణికట్టు మీద లోతు చూపే డైవ్ కంప్యూటరును వేలితో రెండుసార్లు తట్టి, అరచేతిని అడ్డంగా పెట్టి చూపాడు. పడవ ఎక్కాక అతడు నన్ను ఒక్క మాట అనలేదు. నా కంప్యూటరును అడిగి తీసుకుని, 32.4 అన్న అంకెను తన పలకలో రాసుకున్నాడు. మధ్యాహ్నపు డైవ్ జాబితాలో నా పేరు లేదు. ఆ అంకె కేవలం జ్ఞాపకం కాదు, సాక్ష్యం. నాకు జరగరానిది ఏదైనా జరిగి ఉంటే తన డైవ్ సెంటర్ జవాబు చెప్పవలసి వచ్చేదని అతడు సాయంత్రం టీ తాగుతూ నెమ్మదిగా వివరించాడు. వందల దీవుల దేశంలో, తొందరగా పైకి వచ్చి జబ్బుపడిన డైవర్లకు చికిత్స చేసే ఒత్తిడి చికిత్స గది ఎంత దూరంలో ఉంటుందో ఆలోచిస్తే, ఆ హద్దు ఎందుకుందో అర్థమవుతుంది.

చేతి తొడుగుల విషయంలో నియమాలు మన తర్కానికి ఎదురుగా కనిపిస్తాయి. చేయి కోసుకోకుండా తొడుగు వేసుకోవడం భద్రతే కదా అనిపిస్తుంది. కాని తొడుగు ఉన్న చేయి పగడాన్ని నిస్సంకోచంగా పట్టుకుంటుంది. అందుకే ఈజిప్టు సముద్ర ఉద్యానవనాల్లో వాటిని అనుమతించరు. చేపలకు మేత వేయడం కూడా చాలాచోట్ల నేరమే. చెరువు గట్టున నిలబడి చేపలకు మరమరాలు వేయడం మనకు పుణ్యకార్యం కాబట్టి, పిల్లలతో వెళ్లేవారు ఈ సంగతి వారికి ముందే చెప్పాలి.

సన్‌స్క్రీన్ కూడా చట్టం పరిధిలోకి వచ్చింది. పసిఫిక్ దీవి దేశం పలావు 2020 జనవరి 1 నుంచి, హవాయి 2021 జనవరి 1 నుంచి పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను కట్టడి చేశాయి. థాయ్‌లాండ్ 2021 ఆగస్టులో తన సముద్ర ఉద్యానవనాల్లో అటువంటివాటిని నిషేధించింది, అక్కడ జరిమానా లక్ష బాట్ల వరకు ఉండవచ్చు. సీసా మీద ‘రీఫ్ సేఫ్’ అన్న మాటను నమ్మవద్దు. వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడండి. పొడవు చేతుల ఈత చొక్కా (రాష్ గార్డ్) వేసుకుంటే ఈ బెడదే ఉండదు.

ఐదవ దశ: అడుగున ఉన్నది ఎవరి సొత్తు

సముద్రపు అడుగున దొరికినది దొరికినవారిదే అన్న భావన కథల్లో చెల్లుతుంది. మునిగిన ఓడల నుంచి గిన్నె గాని మేకు గాని తీయడం చాలా దేశాల్లో నేరం, యుద్ధనౌక అయితే అది సమాధి కూడా. శ్రీలంకలోని మట్టక్కలప్పు (బట్టికలోవా) దగ్గర ఉన్న బ్రిటిష్ విమానవాహక నౌక హెచ్‌ఎంఎస్ హెర్మిస్ 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాల దాడిలో మునిగింది, 307 మంది మరణించారు. దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, అదే దండయాత్రలో విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ ఓడ దాదాపు 50 మీటర్ల లోతులో, అదనపు శిక్షణ పొందినవారికి మాత్రమే అందేచోట ఉంది. అక్కడికి దిగేవారు ఓడ మీద కూర్చుని ఫొటో దిగే ముందు 307 అన్న ఆ సంఖ్యను ఒకసారి తలచుకోవాలని నా అభిప్రాయం.

ప్రాణమున్న వాటి విషయం వేరు. జపాన్ తీరంలో చేపల మీద, గవ్వల మీద హక్కు స్థానిక మత్స్యకార సహకార సంఘాలది. సరదాకు ఒక అబలోన్ అనే గవ్వజీవిని గాని సముద్ర దోసకాయను గాని తీసినా, 2020 చివర అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం మూడేళ్ల జైలు లేదా మూడు కోట్ల యెన్ల వరకు జరిమానా పడవచ్చు.

ఆరవ దశ: ఒడ్డున ఉన్న యజమానులు

పులికాట్ సరస్సులో ‘పాడు’ అన్న కట్టుబాటు ఉంది: ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో ఊరివారే వంతులవారీగా నిర్ణయించుకుంటారు. ఏ శాసనసభా దానిని రాయలేదు, అయినా దానిని దాటితే ఊరు ఊరుకోదు. ఫిజీలో, పాపువా న్యూగినీలో దిబ్బల విషయం ఇదే. అక్కడి దిబ్బ మీద ఒక గ్రామానికో వంశానికో తరతరాల హక్కు ఉంటుంది. ఫిజీ గ్రామానికి వెళ్లేవారు టోపీ తీసి, భుజాలు కప్పుకుని, కావా అనే మొక్క వేళ్ల కట్టను ఊరి పెద్దకు సమర్పించి అనుమతి కోరాలి. ఆ మర్యాద పేరు సెవుసెవు. డైవ్ ఆపరేటర్ వసూలు చేసే ‘దిబ్బ రుసుము’ను చూసి బేరమాడేవారు, అది ఎవరికి చేరుతుందో అడిగి తెలుసుకుంటే చాలు.

దుస్తుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మాల్దీవుల స్థానిక దీవుల్లో ఈత దుస్తులకు ప్రత్యేకంగా కేటాయించిన తీరం ఉంటుంది, దానిని దాటి ఊళ్లోకి వచ్చేటప్పుడు మగవారు కూడా చొక్కా వేసుకోవాలి. థాయ్‌లాండ్‌లో పడవ ముక్కుకు రంగు గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి. అక్కడ పడవ తల్లి నివసిస్తుందని నమ్ముతారు. మనవారు ఫొటో కోసం ఎక్కేది సరిగ్గా ఆ చోటికే. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టిన పడవ మీద చెప్పులతో నిలబడితే మన బెస్తవారికి ఎలా ఉంటుందో వారికీ అలాగే ఉంటుంది.

నీటి కింద మన సొంత అలవాటు ఒకటి ప్రమాదకరమవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాతో వచ్చిన మిత్రుడొకరు, గైడు ‘బాగున్నావా’ అని సైగ చేసిన ప్రతిసారీ తలను కొంచెం అటూ ఇటూ ఊపి ‘ఆఁ’ అన్నట్టు చెప్పాడు. గైడుకు అది ‘బాగాలేను’ అని అర్థమైంది. రెండుసార్లు చెవులు చూపించి అడిగి, మూడవసారి అతడిని పైకి తీసుకుపోయాడు. నీటిలో జవాబు వేళ్లతోనే చెప్పాలి. బొటనవేలు పైకి చూపితే ‘భేష్’ అని కాదు, ‘పైకి పోదాం’ అని అర్థం. సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని కొన్ని దేశాల్లో బార్లలో, అమెరికాలో పీఎస్‌ఐలో చెబుతారు. 200 బార్లు అంటే సుమారు 2900 పీఎస్‌ఐ. గేజి ఏ లెక్కలో ఉందో పడవ మీదే అడిగి తెలుసుకోండి.

ఏడవ దశ: ఏదైనా జరిగితే

1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర తలలు సరిగా లెక్కించకుండా వెళ్లిపోయిన ఒక పడవ ఇద్దరు అమెరికన్ దంపతులను సముద్రంలోనే వదిలేసింది. వారు రాలేదని గుర్తించేసరికి రెండు రోజులు గడిచాయి, వారు మళ్లీ కనిపించలేదు. క్వీన్స్‌లాండ్‌లో ఇప్పుడు ప్రతి డైవ్‌కూ లెక్క రాయడం చట్టబద్ధమైన బాధ్యత. అక్కడ సిబ్బంది మీ సంతకం అడిగితే, పక్కవారు మీ తరఫున పెట్టడానికి ఒప్పుకోవద్దు.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: దగ్గరలోని ఒత్తిడి చికిత్స గది ఎక్కడుంది, బీమా అత్యవసర నంబరు ఏది, పాలసీ ఎంత లోతు వరకు వర్తిస్తుంది, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం నంబరు ఎంత. సాధారణ ప్రయాణ బీమా చాలావరకు డైవింగ్‌ను మినహాయిస్తుంది, స్థానిక చట్టాన్ని ఉల్లంఘించినప్పుడు డైవింగ్ బీమా కూడా చేతులెత్తేయవచ్చు. ప్రమాదం జరిగితే పోలీసులు పరికరాలను స్వాధీనం చేసుకోవచ్చు; వాటిని విప్పవద్దు, కడగవద్దు, కంప్యూటరులోని వివరాలు చెరపవద్దు. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేసే ముందు రాయబార కార్యాలయంతో మాట్లాడాలని మర్యాదగా, గట్టిగా కోరండి.

ఎనిమిదవ దశ: తిరుగు ప్రయాణం

చివరి డైవ్‌కు, విమానానికి మధ్య ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, వరుసగా చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలి. ఆ ఖాళీ రోజున బజారుకు వెళతాం, అసలు చిక్కు అక్కడ ఎదురవుతుంది. దుకాణంలో బహిరంగంగా అమ్ముతున్నంత మాత్రాన కొని తెచ్చుకోవచ్చని కాదు. గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు, పెద్ద ఆల్చిప్పలు అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రిత వస్తువులు. పగడాలు, సముద్ర విసనకర్రలు, కొన్ని రకాల శంఖాలు, గవ్వలు మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. ఇంట్లో పూజగదిలో శంఖం ఉండటం సహజం కాబట్టి, ఇక్కడ నేరమేమిటని మనవారు శంషాబాదులో నిజాయితీగానే ఆశ్చర్యపోతారు. తీరాన ఏరిన చచ్చిన పగడపు ముక్కకూ ఇదే నియమం వర్తిస్తుంది. సంచిని మూసే ముందు పిల్లల జేబులు, తడి బూట్ల అడుగు, మెష్ బ్యాగు మూలలు దులిపి చూడండి. నా బూటులో ఒకసారి వేలెడంత తెల్లటి కొమ్మ దొరికింది, దానిని జెట్టీ చివరి నుంచి తిరిగి నీటిలోకే విసిరేశాను.